పేరు పెట్టే హక్కు ఎవరిది? మట్టిలో దాగిన జీవి, ఒక షోషోనీ పేరు



ఈ వరుసలో ఇప్పటిదాకా ఊళ్ల పేర్లు, వాడల పేర్లు, ఇంటిపేర్ల గురించి మాట్లాడుకున్నాం. ఈసారి చాలా దూరం వెళ్దాం. చోటు అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రం. కాలం సుమారు 23 కోట్ల ఏళ్ల కిందట. మన కథలో ఉన్నది అడుగు పొడవున్న ఒక ఉభయచరం. కప్పలకు దూరపు చుట్టం అనుకోండి. ఎండాకాలం వస్తే బొరియ తవ్వుకుని మట్టిలోకి దిగిపోయేది, వాన పడేదాకా బయటికొచ్చేది కాదు.

తెలుగు సాహిత్యం చదువుకున్నవాడికి శిలాజాలతో పనేంటని అడుగుతారు. నా పని దాని ఎముకలతో కాదు, దాని పేరుతో. ఆ పేరు నినుంబీహాన్ డూకూడూకా. పలకడానికి కష్టంగా ఉందా? ఒకటికి రెండుసార్లు పలకండి. ఆ పేరు లాటిన్ నుంచో గ్రీకు నుంచో వచ్చింది కాదు. ఆ నేల మీద తరతరాలుగా బతికిన షోషోనీ ఆదివాసుల భాషలోది. ఒక శిలాజానికి ఆ నేల మనుషుల భాషలో, వాళ్ల పెద్దలతో, బడి పిల్లలతో కలిసి పేరు పెట్టడం ఎంత అరుదైన విషయమో తెలిస్తే, ఇంత పొడుగు పోస్టు ఎందుకు రాస్తున్నానో మీకే అర్థమవుతుంది.

ముందు జీవి సంగతి.

2014లో వయోమింగ్‌లోని డూబోయిస్ అనే చిన్న పట్టణం దగ్గర, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ భూవిజ్ఞాన మ్యూజియంకి చెందిన డేవిడ్ లవ్‌లేస్ బృందానికి రాళ్లలో గొట్టాల్లాంటి ఆకారాలు కనిపించాయి. అవి బొరియలు. ఒకప్పటి బొరియల్లోకి మట్టి చేరి, గట్టిపడి, కోట్ల ఏళ్లలో రాయిగా మారింది. బొరియలు దొరకడం కొత్తేమీ కాదు. కానీ వీటిలో కొన్నింట్లో వాటిని తవ్వుకున్న జీవి కూడా ఉండిపోయింది. అంగుళం పొడవున్న పుర్రెలు, సన్నని ఎముకలు, నోటి నిండా సూదుల్లాంటి పళ్లు. తల ముందుభాగం పారలా ఉంది. దాని కాళ్లు మట్టి తవ్వేంత బలమైనవి కావు. అందుకే తలతోనే తవ్వుకునేదని పరిశోధకులు నిర్ధారణకు వచ్చారు. ఆ పరిశోధనకు ముందు నడిచింది కాల్విన్ సో అనే పీహెచ్‌డీ విద్యార్థి. 2024లో వ్యాసం అచ్చయింది.

ఆ జీవి మట్టిలోకి ఎందుకు దిగేది? అప్పటికి ఖండాలన్నీ ఒకే ముద్దగా ఉన్నాయి. దాన్ని పాంజియా అంటారు. అంత పెద్ద నేల మీద రుతుపవనాలు కూడా అంత తీవ్రంగానే ఉండేవి. కొన్ని నెలలు కుండపోత, మిగతా నెలలు నీటి చుక్క దొరకని ఎండ. తడి చర్మం ఉన్న జీవికి ఆ ఎండ అంటే చావే. ఏరు ఎండుతున్నప్పుడు దాని ఒడ్డున మెత్తటి మట్టిలోకి దిగి, కదలకుండా, తినకుండా, మళ్లీ నీళ్లొచ్చేదాకా పడుకునేది. మన పొలాల్లో బోదురు కప్పలు చేసేది ఇదే. ఎండాకాలమంతా ఎక్కడున్నాయో తెలియదు, తొలకరి పడిన రాత్రి ఊరంతా వాటి గొంతే. ఆ ఏటి ఒడ్డున కొన్నిసార్లు వాన రావడం ఆలస్యమై ఉంటుంది, లేదా వరద మట్టి పైన కప్పేసి ఉంటుంది. పడుకున్నవి లేవలేదు. అలా మనదాకా వచ్చాయి.

ఇక పేరు.

షోషోనీ సంస్కృతిలో నినుంబీ అంటే కొండల్లో నివసించే చిన్న మనుషులు. వాళ్లకు అక్కడ చాలా ముఖ్యమైన చోటుంది. ఆ కథలు చెప్పాల్సింది ఆ సమాజపు పెద్దలు, నేను కాదు. కాబట్టి అంతవరకే. డూకూ అంటే మాంసం. డూకా అంటే తినేది. మధ్యలో ఉన్న హాన్ దగ్గర తెలుగు వ్యాకరణం చదువుకున్నవాడిగా నేను ఆగిపోయాను. అది మన షష్ఠీ విభక్తి లాంటిది. ఫలానావాళ్ల, ఫలానావాళ్లకు చెందిన అని చెప్పే ప్రత్యయం. మొత్తం కలిపితే ‘చిన్న మనుషులకు చెందిన మాంసం తినే జీవి’.

ఆ ఒక్క ప్రత్యయం చేసిన పని చూడండి. రాయి పరిశోధకుడికి దొరికింది. ఎముకను స్కాన్ చేసింది ప్రయోగశాల. వ్యాసం అచ్చయింది లండన్ రాయల్ సొసైటీ పత్రికలో. కానీ ఈ జీవి ఎవరిది అన్న ప్రశ్నకు దాని పేరే జవాబు చెబుతోంది. ఈ కొండల వాళ్లది. ఈ కొండల కథలు తెలిసినవాళ్లది. ప్రపంచంలో ఎవరు ఏ భాషలో ఈ జీవి గురించి రాసినా, ఆ హాన్ పలక్కుండా రాయలేరు.

ఇది ఒక్కరోజులో జరిగింది కాదు. విండ్ రివర్ రిజర్వేషన్‌లో ఫోర్ట్ వాషకీ అనే ఊరుంది. అక్కడి బడితో ఈ బృందం సంబంధం పెట్టుకుంది. మిడిల్ స్కూలు పిల్లలు, టీచర్లు, షోషోనీ పెద్దలు కలిసి పేరు ఆలోచించారు. 2025లో అదే ప్రాంతపు రాళ్ల నుంచి కోడి అంత డైనోసార్‌కు అవేతుమ్ అనే పేరొచ్చింది. ఆ పేరూ షోషోనీ భాషదే. రెండు మాటల పూర్తి పేరుకు స్థూలంగా ‘ఒకప్పటి డైనోసార్’ అని అర్థం. ఆ వ్యాసం రచయితల జాబితాలో ఆ సమాజపు వాళ్ల పేర్లు కూడా ఉన్నాయి. కృతజ్ఞతల పేరాలో కాదు, రచయితల వరుసలో. పీహెచ్‌డీ చేస్తున్న మిత్రులు ఈ తేడా గమనించాలి. మన అమ్మమ్మలు చెప్పిన పాటలు, కథలు రికార్డు చేసుకుని డాక్టరేట్లు తెచ్చుకున్న పుస్తకాలు ఎన్ని లేవు? వాటిలో చెప్పినవాళ్ల పేర్లు ఎక్కడున్నాయి? చాలావాటిలో ‘ఒక వృద్ధురాలు’ అని మాత్రమే ఉంటుంది.

పేరు పెట్టడం చిన్న పని అనుకునేవాళ్ల కోసం కొంచెం చరిత్ర.

జంతువులకు రెండు మాటల శాస్త్రీయ నామం పెట్టే పద్ధతికి మొదలు 1758. స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ ఆ ఏడాది తన ‘సిస్టెమా నాచురే’ పదో ముద్రణ వేశాడు. ఇవాళ్టికీ జంతు నామాల లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది. అదే పుస్తకంలో ఆయన మనుషుల్ని కూడా రకాలుగా విడగొట్టాడు. అమెరికా ఆదివాసిని నడిపేది ఆచారమట. ఐరోపావాడిని నడిపేది చట్టమట. ఆసియావాడిని నడిపేది అభిప్రాయమట. ఆఫ్రికావాడిని నడిపేది ఇష్టారాజ్యమట. కప్పకూ చేపకూ పేర్లు పెట్టిన చెయ్యే మనుషులకు మెట్లు కట్టింది. మనకిది కొత్తగా అనిపించదు. పేరు, పని, గుణం, మెట్టు అన్నీ పుట్టుకతోనే రాసిపెట్టే పుస్తకం మన దగ్గర అంతకంటే చాలా పాతది.

షోషోనీల దగ్గరికి వద్దాం. 1868లో ఫోర్ట్ బ్రిడ్జర్ ఒప్పందంతో వాళ్లను విండ్ రివర్ రిజర్వేషన్‌కు పరిమితం చేశారు. అప్పటి నాయకుడు వాషకీ. ఆ ఊరి పేరు ఆయనదే. ఆ తర్వాతి దశాబ్దాల్లో అమెరికా ప్రభుత్వం ఆదివాసీ పిల్లల్ని బోర్డింగ్ స్కూళ్లలో వేసింది. 1879లో కార్లైల్‌లో మొదలైన బడి వాటికి నమూనా. జుట్టు కత్తిరించారు, బట్టలు మార్చారు, సొంత భాష మాట్లాడితే శిక్షించారు. ఆ బడి తొలి విద్యార్థుల్లో ఒక లకోటా పిల్లవాడున్నాడు. ఇంట్లో పెట్టిన పేరు ఓటా క్టే. తరగతిలో నల్లబల్ల మీద ఏవో గీతలు రాసి, కర్ర చేతికిచ్చి, ఒకదాన్ని చూపించమన్నారు. అవి ఇంగ్లీషు పేర్లని ఆ పిల్లవాడికి తెలియదు. చదవడం రాదు. చూపించాడు. ఆ రోజు నుంచి అతను లూథర్. పెద్దయ్యాక లూథర్ స్టాండింగ్ బేర్ పేరుతో పుస్తకాలు రాసి ఈ సంగతి లోకానికి చెప్పాడు.

ఆ బోర్డింగ్ స్కూళ్లకు అమెరికా అధ్యక్షుడు జో బైడెన్ క్షమాపణ చెప్పింది 2024లో. మన జీవికి షోషోనీ పేరు వచ్చిందీ ఆ సంవత్సరమే. బడిలో భాషను పోగొట్టిన దేశంలో, బడి పిల్లలు అదే భాషలో ఒక పేరు పెట్టి ప్రపంచ శాస్త్రం నోట పలికించారు. షోషోనీ భాష బాగా మాట్లాడేవాళ్లు ఇప్పుడు ఎక్కువగా ముసలివాళ్లే. ఆ పిల్లలకు ఆ రెండు మాటలు ఎంత విలువైనవో మనం ఊహించుకోగలం.

మనకు నల్లబల్ల, కర్ర అక్కర్లేకపోయింది. మా నాయనమ్మ పేరు పోచమ్మ. ఒక కాగితంలో పోచి అని రాశారు, ఇంకో కాగితంలో పోసి అని రాశారు. పింఛను కోసం రెండేళ్లు తిరిగాం, ఈ మూడు పేర్లూ ఒక్క మనిషివేనని రుజువు చేయడానికి. రాసినవాడికి ఆమె పేరు చివర ‘అమ్మ’ రాయడానికి చెయ్యి రాలేదు. మన తాతల పేర్ల చివర ‘డు’, ‘గాడు’ ఎలా చేరాయో, పక్క వీధిలో అదే పేరు చివర ‘గారు’, ‘య్య’ ఎలా నిలిచాయో మీకు వివరించాల్సిన పని లేదు.

ఇప్పుడు పేరులోని రెండో మాట: డూకూడూకా, మాంసం తినేది.

షోషోనీలు తమలోని గుంపులను తిండి పేరుతో పిలుచుకునేవాళ్లు. కుచ్చుందికా అంటే అడవి దున్న మాంసం తినేవాళ్లు. అగైదికా అంటే సాల్మన్ చేప తినేవాళ్లు. తుకుదికా అంటే కొండగొర్రె మాంసం తినేవాళ్లు. ఆ పేర్ల చివర ఉన్న ‘దికా’, మన జీవి పేరు చివర ఉన్న ‘డూకా’ ఒకటే మాట, తినడం. అంటే ఆ శిలాజానికి పెట్టిన పేరు వాళ్లు తమకు తాము పెట్టుకున్న పేర్ల పోలికలోనే ఉంది. అందులో సిగ్గు లేదు, ఎక్కువ తక్కువలు లేవు. ఏ నేల మీద ఉన్నావు, ఆ నేల నీకేం పెట్టింది, అంతే.

మన దగ్గర తిండి పేరుతో మనిషిని పిలవడం అంటే ఏమిటి? ‘గొడ్డు మాంసం తినేవాళ్లు’ అన్న మాట మన వాడ మీద ఎన్ని వందల ఏళ్లుగా రాయిలా పడుతోంది? అంబేడ్కర్ 1948లో అచ్చయిన ‘ది అన్‌టచబుల్స్’ పుస్తకంలో అంటరానితనం పుట్టుకను గొడ్డు మాంసం తినడంతో ముడిపెట్టి వాదించారు. తిండిని తక్కువ చేయడం అంటే మనిషిని తక్కువ చేయడమే అని మనకు చూపించారు. ఇవాళ్టికీ అద్దె ఇల్లు అడిగితే ముందు అడిగే ప్రశ్న ఏం తింటారు అని. అదే మాట, తినడం. ఒక చోట అది గుర్తింపు, ఇంకో చోట అది గేటు. తేడా మాటలో లేదు. ఆ మాటను ఎవరు ఎవరి గురించి అన్నారు అన్న దగ్గర ఉంది. తమ గురించి తాము చెప్పుకున్నది పేరు. అధికారం ఉన్నవాడు ఎదుటివాడి మీద వేసింది ముద్ర.

మన పెద్దలకు ఈ తేడా బాగా తెలుసు. 1917లో బెజవాడలో పంచమ సభ జరిగింది. అధ్యక్షుడు భాగ్యరెడ్డి వర్మ. ‘పంచమ’ అనే మాట మాకొద్దు, మేం ఈ నేల మొదటి మనుషులం, ఆది ఆంధ్రులం అని ఆ సభ పేరునే మార్చేశారు. అది శిలాజం కాదు, బతికున్న మనుషులు తమకు తాము పెట్టుకున్న పేరు. ఆ తర్వాత ‘హరిజన’ అనే పేరు పైనుంచి వచ్చింది. దాన్ని వద్దని ‘దళిత’ అని మనమే పిలుచుకున్నాం. ఈ చరిత్ర తెలిసినవాళ్లకు ఫోర్ట్ వాషకీ బడి పిల్లలు పరాయివాళ్లు కారు.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. ఆదివాసుల పేరు శాస్త్రంలో ముందు నుంచీ ఉంది కదా, గోండ్వానా లేదా అని. ఉంది. దాని గురించి మాట్లాడుకోవాలి, ఎందుకంటే అది మన ఇంటి సంగతి.

వయోమింగ్‌లో మన జీవి బొరియలు తవ్వుకుంటున్న ఆ యుగంలోనే మన ప్రాణహిత, గోదావరి లోయలో కూడా ఎర్రమట్టి పేరుకుంటోంది. ఆసిఫాబాద్ వైపున్న మాలేరి ఊరి పేరుతో ఆ రాళ్లను మాలేరి పొర అంటారు. అక్కడా పెద్ద ఉభయచరాల ఎముకలు దొరికాయి. అక్కడ దొరికిన మాలేరిసారస్ అనే సరీసృపం జాతిదే టెక్సస్‌లోనూ దొరికింది. అప్పుడు మధ్యలో సముద్రం లేదు కదా. అదే లోయలో దొరికిన పెద్ద డైనోసార్‌కు 1975లో బరపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు. బరపా అంటే బెంగాలీలో పెద్ద కాలు. రెండో మాట రవీంద్రనాథ్ టాగూర్ పేరు మీద వచ్చింది, ఆయన శతజయంతి కాలంలో తవ్వకాలు జరిగాయి కాబట్టి. ఇంకోటి కోటసారస్ యామనపల్లియెన్సిస్. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టింది దాన్నే. అందులో మన యామనపల్లి ఊరి పేరైనా ఉంది.

ఈ రాళ్లన్నిటికీ కలిపి ఉన్న పేరు గోండ్వానా. గోండుల అడవి. 1872లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన మెడ్లికాట్ ఆ మాట వాడాడు. 1885లో ఆస్ట్రియా శాస్త్రవేత్త స్యూస్ దాన్ని ఖండాలు దాటించాడు. భారత్, ఆఫ్రికా, దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికా కలిసి ఉన్న పాత మహాఖండాన్ని ఇవాళ ప్రపంచమంతా గోండ్వానా అంటుంది. భూమి మీద ఇంత పెద్ద నేలకు పేరుగా మారిన జాతి ఇంకోటి కనిపించదు. అదే గోండులు తమ సొంత పోడు భూమి కోసం అడగాల్సి వచ్చింది. జల్, జంగల్, జమీన్ అని అడిగిన కుమ్రం భీమ్‌ను 1940లో జోడేఘాట్‌లో నిజాం పోలీసులు కాల్చి చంపారు. సింగరేణి బొగ్గు తవ్వేది ఈ గోండ్వానా రాళ్లలోనే. రాయి మీద గోండుల పేరుంది, కింద ఉన్న బొగ్గు మీద వాళ్లకు హక్కు లేదు.

నినుంబీహాన్‌కూ గోండ్వానాకూ తేడా ఇదే. గోండ్వానా అనే మాటలో గోండులు ఉన్నారు, కానీ ఆ పేరు పెట్టినప్పుడు వాళ్లు గదిలో లేరు. నినుంబీహాన్ పేరు పెట్టినప్పుడు షోషోనీలు గదిలో ఉన్నారు, పేరు వాళ్ల నోటి నుంచే వచ్చింది. మన పేరు వాడుకోవడం వేరు, మనం పేరు పెట్టడం వేరు. రిజర్వేషన్ల చర్చలో ప్రాతినిధ్యం అనే మాటకు అర్థం వెతుక్కునే విద్యార్థులకు నేనిచ్చే ఉదాహరణ ఇక నుంచి ఇదే.

ఇందులో మురిసిపోవడానికి ఒక హద్దుంది. పేరుతో భూమి తిరిగి రాదు. ఒక చిన్న ఉభయచరానికి షోషోనీ పేరు పెట్టినంత మాత్రాన 1868 ఒప్పందం తర్వాత కోల్పోయిన నేల ఒక్క ఎకరం కూడా వెనక్కి రాలేదు. పేరు పెట్టి చేతులు దులుపుకునే ప్రభుత్వాలు మనకూ తెలుసు. జిల్లాకు కుమ్రం భీమ్ పేరు పెట్టి, పోడు పట్టాల దగ్గర మాత్రం ఏళ్ల తరబడి తిప్పడం చూస్తూనే ఉన్నాం. కాబట్టి పేరు గెలుపు కాదు. పేరు దస్తావేజులో మొదటి వాక్యం. ఈ నేల గురించి మాట్లాడే హక్కు, ఈ నేలకు సంబంధించిన జ్ఞానం మాది కూడా అని రాతపూర్వకంగా నమోదు చేసుకోవడం. అది లేకపోతే తర్వాతి వాక్యం రాసుకోవడానికి చోటుండదు.

విద్యార్థి మిత్రులకు ఒక పని చెబుతాను. ఈ వేసవిలో ఊరికి వెళ్లినప్పుడు మీ అమ్మమ్మనో తాతనో కూర్చోబెట్టి అడగండి. మన వాడ చుట్టూ ఉన్న మట్టి రకాలకు, వాగు మలుపులకు, కప్పలకు, చేపలకు, తినే ఆకులకు, మాంసంలో ఒక్కో ముక్కకు వాళ్ల దగ్గర ఏ పేర్లున్నాయో రాసుకోండి. నిఘంటువులో ఆ మాట లేదని వదిలేయొద్దు. లేదంటే ఇంకా ముఖ్యం. తోలు పని చేసినవాళ్ల దగ్గర, చెరువు నీరు కట్టిన నీరటి వాళ్ల దగ్గర, చావు కబురు మోసినవాళ్ల దగ్గర ఉన్న మాటలు విశ్వవిద్యాలయ పాఠ్యపుస్తకాల్లోకి చాలావరకు రాలేదు. ప్రతి మాట పక్కన చెప్పినవాళ్ల పూర్తి పేరు రాయండి, చివర ‘అమ్మ’, ‘అయ్య’ వదలకుండా. రేపు మీరు పరిశోధన చేస్తే ఆ పేరు అడుగున చిన్న అక్షరాల్లో కాదు, పైన మీ పేరు పక్కన ఉండాలి.

1941లో జాషువా అందరూ అపశకునమనే గబ్బిలాన్ని ఎంచుకుని కావ్యానికి ఆ పేరే పెట్టారు. వయోమింగ్ పిల్లలు తలతో మట్టి తవ్వుకునే ఒక చిన్న జీవికి తమ కొండల మనుషుల పేరు ఇచ్చారు. లోకం చిన్నచూపు చూసిన జీవికి మర్యాదైన పేరు పెట్టగలిగేది, ఆ చిన్నచూపు రుచి తెలిసినవాళ్లే.

వచ్చే భాగంలో గోండ్వానా అనే మాట ప్రయాణం గురించి వివరంగా రాస్తాను. మీ ఊళ్లలో సేకరించిన మాటలు ఈ లోపు కామెంట్లలో పెట్టండి, చెప్పినవాళ్ల పేర్లతో సహా.

జై భీమ్.